ఈగలు ఎందుకు ఇల్లు విడుస్తాయి

మా చిన్నాయన చనిపోయిన సంగతి బామ్నీకి వెళ్ళి చెప్పే పని నా మీద పడింది. చిన్నాయన అంటే మా నాన్న తమ్ముడు. ఆయన మొదటి భార్య, మా కమల చిన్నమ్మ, బామ్నీలో తన తమ్ముడి ఇంట్లో ఉంటుంది. మహారాష్ట్రలో, రాజురా దగ్గర మా ఊరికీ బామ్నీకీ మధ్య ఉన్నది వార్ధా నది, దాని మీద వంతెన, ఎప్పుడూ బొగ్గు లారీలతో నిండి ఉండే రోడ్డు, అంతే. అంత దగ్గరలో ఉన్న మనిషికి ఒక్క ఫోన్ చేయాలని ఎవరికీ తోచలేదు. దహనం అయిపోయింది. మర్నాడు పొద్దున అందరూ వరండాలో కూర్చుని చాయ్ తాగుతున్నారు. మా అన్న మనవడు, పుణెలో చదువుకునే పిల్లాడు, ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే అడిగాడు: "తాతకు పైలీ బాయ్కో ఒకామె ఉండె గద, మధమాశీలను ఎల్లగొట్టినామె. ఆమెకు చెప్పిండ్రా?" పైలీ బాయ్కో అంటే మొదటి భార్య, మధమాశీ అంటే తేనెటీగ. వాడి మీద నాకు కోపం రాలేదు. వాడు పుట్టకముందే కాటికి పోయిన మా నాయనమ్మ మాట వాడి నోట్లో అంత భద్రంగా ఉన్నందుకు వచ్చింది. గ్లాసు కింద పెట్టి, చెప్పులేసుకుని, ఆటో కోసం రోడ్డు మీదికి వచ్చేశాను.

నాకు ముక్కు మీద కోపమని ఇంట్లో అందరూ అంటారు. నిజమే. ఉద్యోగమంతా మరాఠీ బడిలో లెక్కలు చెప్పాను. తప్పు లెక్కను నల్లబల్ల మీద వదిలేసి ఇంటికి వెళ్ళే అలవాటు నాకు లేదు. చిన్నమ్మ విషయంలో మా ఇంటివాళ్ళు వేసిన లెక్క తప్పు. అది అలాగే ఉండిపోయింది కాబట్టి ఇది రాస్తున్నాను. నాకు తెలుగు అక్షరాలు మా నాన్న పలక మీద దిద్దించాడు. ఇప్పుడు మా ఇంట్లో ఇది చదవగలిగేవాళ్ళం నేనూ, చూపు ఆనని మా అన్నా. మరాఠీలో రాయొచ్చు కదా అంటారు పిల్లలు. చిన్నమ్మను తిట్టింది తెలుగులో. జవాబు కూడా తెలుగులోనే ఉండాలి.

మా పెరట్లో తేనెటీగల పెట్టెలు ఉండేవి. సర్కారువాళ్ళు ఎక్కడో నేర్పిస్తున్నారని తెలిసి మా తాత వెళ్ళి, ముఖమంతా కుట్టించుకుని, చెక్కపెట్టెలతో తిరిగొచ్చాడట. కానుగ చెట్టు నీడలో వాటిని బల్లల మీద పెట్టి, చీమలు ఎక్కకుండా బల్ల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టాడు. ఆ గిన్నెలు ఎండకుండా చూడడం ఇంట్లో ఆడపిల్లల పని. పొద్దున లేవగానే జొన్నరొట్టె కాలుతున్న వాసన, పిడకల పొగ, ముందు గదిలో కప్పు దాకా పోసిన పత్తి నుంచి వచ్చే ధూళి వాసన. ఇవన్నీ దాటుకుని పెరట్లోకి వస్తే పెట్టెల దగ్గర వెచ్చటి మైనం వాసన వచ్చేది. కంది పూసినప్పుడు అది ఒకలా ఉండేది, వేప పూసినప్పుడు ఇంకోలా ఉండేది. తాత బీడీ మానని మనిషి, కానీ పెట్టెల దగ్గర మాత్రం ముట్టించేవాడు కాదు. నాయనమ్మ ప్రతి శుక్రవారం ఒక్కో పెట్టెకు పసుపు రాసి బొట్టు పెట్టేది. ఆమెకు అవి ఈగలు కావు, ఇంటి లక్ష్మి. తేనె తీసినప్పుడు మొదటి చెంచా దేవుడికి. ఆ తర్వాత ఒక సీసా నింపి పసిపిల్లల కోసం దాచేది. ఊళ్ళో ఎవరింట్లో బిడ్డ పుట్టినా నాలుక మీద రాయడానికి తేనె మా ఇంటి నుంచే వెళ్ళేది. ఆ సీసా పట్టుకుని పురిటి ఇంటికి వెళ్ళే పని చిన్నమ్మకు మాత్రం ఎప్పుడూ చెప్పేవాళ్ళు కాదు. పెళ్ళయి ఎన్నో ఏళ్ళయినా ఆమెకు పిల్లలు లేరు. అలాంటామె చేతి తేనె పసిబిడ్డకు మంచిది కాదని నాయనమ్మ నమ్మకం.

మా ఇంట్లో ఆడవాళ్ళు నెలకు మూడు రోజులు బయట ఉండాలి. పెరటి చివర, కానుగ చెట్టుకు అవతల, అందుకోసమే ఒక రేకుల కొట్టం ఉండేది. అందులో ఒక చాప, దుప్పటి, నీళ్ళ కుండ, విడిగా ఒక పళ్ళెం. అన్నం ఎవరో ఒకరు తెచ్చి దూరంగా పెట్టి వెళ్ళేవాళ్ళు. మా అమ్మా, పెద్దమ్మా కడుపుతోనో చంటిపిల్లలతోనో ఉండేవాళ్ళు కాబట్టి వాళ్ళకు ఆ కొట్టం నుంచి ఏళ్ళ తరబడి సెలవు దొరికేది. చిన్నమ్మకు ఒక్క నెల కూడా దొరకలేదు. ఎండలో, వానలో, చలిలో, తప్పకుండా నెలనెలా వెళ్ళి అక్కడ కూర్చునేది. ఆ మూడు రోజులూ ఏ పనీ ముట్టుకోనివ్వరు. కళ్ళెదురుగా ఉన్నవి ఈగల పెట్టెలే. ఆమె వాటినే చూసేది. బడి నుంచి వచ్చి నేను దూరంగా రాయి మీద కూర్చుంటే, ఏ పెట్టెలో ఈగలు ఏ వైపు నుంచి వస్తున్నాయో, ఏవి కాళ్ళకు పసుప్పచ్చటి పుప్పొడి మోసుకొస్తున్నాయో, ఏ పోతు ఈగలు పని లేకుండా తిరుగుతున్నాయో చెప్పేది. "గా లావుటివి సూడు, మీ పెద్దనాయన లెక్క. తినుడు, తిరుగుడు," అనేది. ఆమె అలా హాస్యమాడేది ఆ కొట్టంలో ఉన్నప్పుడే. ఇంట్లోకి వచ్చాక నోట్లో నాలుక లేనట్టే ఉండేది.

తాత పోయిన తర్వాత వచ్చిన ఎండాకాలం మొదట్లో, మోదుగలు ఎర్రగా పూసిన రోజుల్లో, ఒక పెట్టె నుంచి సగానికి సగం ఈగలు లేచిపోయాయి. ఎండ చురుక్కుమంటున్న మధ్యాహ్నం, పెట్టె ద్వారం లోంచి కుండ ఒలికినట్టు బయటికి వచ్చిపడ్డాయి. పెరడంతా గాలి దుమారం లేచినట్టయింది. కాసేపు కానుగ కొమ్మకు మూటలా వేలాడాయి. మావాళ్ళు ఇత్తడి పళ్ళాలు కొట్టారు, నీళ్ళు చల్లారు. నాయనమ్మ కొంగు ముందుకు చాపి పోవద్దని మొక్కింది. ఆ మూట విడిపోయి పత్తి చేల మీదుగా నది వైపు వెళ్ళిపోయింది. ఆ రోజు కొట్టంలో ఉన్నది చిన్నమ్మ. ఇంకేం కావాలి. "ముట్టుది పొద్దంత సూస్కుంట కూసుంటె లక్ష్మి ఉంటదా ఇంట్ల?" అంది నాయనమ్మ. మరుసటి ఏడు ఇంకో పెట్టె లేచింది. ఆ రోజు చిన్నమ్మ కొట్టంలో లేదు, చేనులో ఉంది. అయినా నింద ఆమె మీదే పడింది. సాయంత్రం నాయనమ్మ కొడుకుల్నీ కోడళ్ళనూ కూర్చోబెట్టి చెప్పింది: "వచ్చే యాడాది సుత ఈగలు పోయినయంటె ఇది సుత పోతది. నా కొడుక్కు ఇంకో పిల్లను తెస్త." చిన్నాయన గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాత చిన్నమ్మ ఆ పెట్టెలను కళ్ళల్లో ఒత్తులు వేసుకుని చూసింది. సరదా కోసం చూసినవాటినే ఇప్పుడు ప్రాణం కోసం చూసింది. ఎప్పుడు లేస్తాయి, లేవబోయే ముందు ఏం చేస్తాయి, ఏ పెట్టె లేస్తుంది, ఏది లేవదు. ఒకరోజు నన్ను దగ్గరికి పిలిచింది.

"ఇవి అలిగి పోతలేవు బిడ్డా. జాగా సాలక పోతున్నయి. పూలు మస్తుగ ఉన్నప్పుడు రాణి మస్తు గుడ్లు పెడ్తది. పెట్టె నిండుతది. లోపట కూసుండ జాగా లేక గిట్ల ద్వారం కాడ గడ్డం లెక్క యాలాడుతయి. గప్పుడు తేనెపట్టు కింది అంచుకు కొత్త రాణి కోసం గదులు కడ్తయి. గా గదికి మూత పడ్డదంటె, పాత రాణి సగం మందిని తోల్కొని ఎల్లిపోతది."

"ముసల్ది పోతదా?" అన్నాను.

"ముసల్దే. ఇల్లు బిడ్డకు ఇడిసిపెట్టి పోతది. గీ మాట మీ నాయనమ్మకు జెప్పకు," అని నవ్వింది. నవ్వు ఆగాక మళ్ళీ అంది: "రోగం తగిలిన పెట్టె ఇంతవరకు లేవంగ సూడలే నేను. నిండుగ ఉన్నదే లేస్తది."

ఆ మాటలో ఉన్న చేదు నాకు అప్పుడు అర్థం కాలేదు. సంతానం ఎక్కువై, ఇల్లు చాలక పోతున్న ఈగలను చూసి, సంతానం లేని ఆమె వల్ల పోతున్నాయని మా ఇల్లంతా అనుకుంది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

చిన్నమ్మ ఈ సంగతి చిన్నాయనకు చెప్పింది. చిన్నాయన నెమ్మదస్తుడు, చేతి పని తెలిసినవాడు, ఆమె మాట మీద నమ్మకం ఉన్నవాడు. అది కూడా చెప్పాలి, లేకపోతే ఆయనను రాక్షసుడిగా రాసినట్టవుతుంది. రాజురాలో వడ్రంగితో పెట్టెల మీద పెట్టే ఖాళీ అరలు, చట్రాలు చేయించి సైకిల్ మీద తెచ్చాడు. పాతవి పాడయ్యాయని తల్లికి చెప్పాడు. నాయనమ్మ మధ్యాహ్నం కునుకు తీస్తున్నప్పుడు ఆయన పిడక పొగ పట్టి మూత తీసేవాడు, చిన్నమ్మ ఒక్కో చట్రం ఎత్తి వెలుతురుకు పెట్టి చూసేది. నిండిన చట్రాల మధ్య ఖాళీవి దించేది. పట్టు కింది అంచున చిటికెన వేలి కొసంత గది వేలాడుతూ కనిపిస్తే గోటితో తుంచేసేది. లోపల పాలమీగడ లాంటి దానిలో తెల్లటి పురుగు తేలుతూ ఉండేది. అదే కాబోయే రాణి. తుంచిన ప్రతిసారీ ఆమె ముఖం ముడుచుకునేది. వెంటనే వెళ్ళి చేతులు కడుక్కునేది. ఒక్కసారి తుంచితే సరిపోదు, వారం తిరిగేసరికి ఇంకోటి కడతాయి, మళ్ళీ వెతకాలి. మోదుగ పూత అలా గడిచింది. కానుగ పూత గడిచింది. ఒక్క పెట్టె కూడా లేవలేదు. నాయనమ్మ కోడలి పళ్ళెంలో అడగకుండానే ఇంకో రొట్టె వేయడం నేను చూశాను. ఇంక గండం గట్టెక్కినట్టే అనుకున్నాం.

వేప పూత చివర్లో చిన్నమ్మ కొట్టంలో ఉంది. ఎండలకు బడి పొద్దుటి పూటే కాబట్టి నేను మధ్యాహ్నానికే ఇంటికి వచ్చాను. చూస్తే అన్నిటికంటే పెద్ద పెట్టె ముందు ఈగలు గడ్డంలా వేలాడుతున్నాయి, మేతకు పోవడం లేదు. చిన్నమ్మ కొట్టం గుంజ పట్టుకుని నిలబడి ఉంది. చిన్నాయన ఊళ్ళో లేడు, పత్తి అమ్మడానికి వెళ్ళాడు. ఆమె తలంటు పోసుకుని పెట్టెను ముట్టుకునే దాకా ఆగితే ఈగలు ఆగవు. ముట్టులో పెట్టె తెరిస్తే అంతకంటే పెద్ద తప్పు మా ఇంట్లో ఇంకొకటి లేదు.

"చిన్నమ్మా, నాయనమ్మ సూస్తది," అన్నాను.

"సూస్తె తిడ్తది. ఈగలు పోతె ఎల్లగొడ్తది. ఏది నయమో నువ్వే జెప్పు," అని, పిడక రాజేసి, ఒక్కతే మూత తీసింది.

గదులు చాలానే ఉన్నాయి. కొన్నిటికి మూతలు పడుతున్నాయి. ఆమె ఒక్కొక్కటే తుంచి ఎడమ అరచేతిలో వేసుకుంటోంది. అప్పుడే నాయనమ్మ మజ్జిగ గిన్నె పట్టుకుని వచ్చింది. ఎండ ఎక్కువగా ఉందని, కొట్టంలో కోడలు దప్పికతో ఉంటుందని తెచ్చింది. ఆ సంగతి కూడా నేను మర్చిపోలేను.

"ఏందది, చేతుల?"

"రాణి గదులు అత్తా. ఇవి ఉంటె ఈగలు ఎల్లిపోతయి. గందుకే తీస్తున్న."

అంటు ఉందని కూడా చూడకుండా నాయనమ్మ దగ్గరికి వచ్చి, ఆ అరచేతిలోకి వంగి చూసింది. చిదిగిన గదిలో తెల్లటి పురుగు ఇంకా కదులుతోంది.

"ఇది పిల్ల గదనే?"

చిన్నమ్మ అరచెయ్యి వెనక్కి తీసుకుంది.

"కడుపుల పిల్లను చిదుముతున్నవ్. ఎన్నొద్దుల సంది చిదుముతున్నవే? ఇంకెట్ల పండుతదే నీ కడుపు?"

నాయనమ్మ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. మజ్జిగ గిన్నె అక్కడే నేల మీద పెట్టి, గోడ పట్టుకుని మెల్లగా ఇంట్లోకి నడిచింది. ఆమె నిజంగానే భయపడింది. అన్నేళ్ళుగా వెతుకుతున్న కారణం కళ్ళతో చూశాననుకుంది.

సాయంత్రం చిన్నాయన వచ్చాక అందరూ పెరట్లోకి చేరారు. చిన్నమ్మ కొట్టంలోనే నిలబడి ఉంది, ఆమెకు ఇంకా గడప దాటి వచ్చే వీలు లేదు. నాయనమ్మ కొడుకును ఒకే మాట అడిగింది: "ఇది గిట్ల పిల్లలను సంపుతుందని నీకెర్కనా?"

చిన్నాయన తను చేయించిన అరలు ఉన్న పెట్టె వైపు చూశాడు. చిన్నమ్మ ఆయన వైపు చూసింది. ఆమె చూపులో బతిమాలడం లేదు. ఆయన చెబుతాడని ధీమాగా ఉంది.

"నాకెర్క లేదవ్వా," అన్నాడు.

"అబద్ధం, చిన్నాయననే అరలు చేపిచ్చిండు, మూత సుత ఆయననే తీసిండు," అని నేను అరిచాను. మా నాన్న చెంప మీద ఒక్కటి వేశాడు. పెద్దల మధ్య నోరెత్తినందుకు. చిన్నమ్మ మాత్రం నా వైపు తిరగలేదు. ఆయన వైపే ఇంకాసేపు చూసి, తర్వాత కొట్టంలో చాప మీద కూర్చుంది.

తలంటు పోసుకున్న రోజున చిన్నాయనే ఆమెను బస్సులో బామ్నీకి తీసుకెళ్ళి దింపి వచ్చాడు. ఆమె పోయిన కొద్ది రోజులకే పెద్ద పెట్టె లేచింది. లేవక ఏం చేస్తుంది, గదులు తుంచేవాళ్ళు లేరు, చట్రాలు మార్చేవాళ్ళు లేరు. "పోతు పోతు ఎంబడి తీస్కపోయింది," అంది నాయనమ్మ. ఆపినందుకు హంతకురాలు అయింది, ఆపడానికి లేనందుకు దొంగ అయింది. మిగిలిన పెట్టెలకు మైనపు పురుగు పట్టింది. చెక్కలు నీళ్ళు కాచే పొయ్యిలోకి పోయాయి. చిన్నాయనకు రెండో పెళ్ళి చేశారు. ఆమెకూ పిల్లలు కలగలేదు. ఆమె కూడా నెలనెలా ఆ కొట్టంలో, చూడడానికి ఎదురుగా ఏమీ లేకుండా కూర్చుంది. చిన్నాయన చేనుకు పోయే దారి ఆ కొట్టం పక్క నుంచే. అప్పుడైనా ఆయన ఒక మాట అని ఉండొచ్చు. ఊళ్ళోవాళ్ళు మాత్రం ఈసారి ఆడవాళ్ళను ఏమీ అనలేదు, ఆయన నొసట రాసిలేదని జాలిపడ్డారు.

ఇప్పుడు ఆ కొట్టం లేదు. అక్కడ బాత్రూం కట్టారు. మా ఇంటి కోడళ్ళు ఏ రోజైనా వంటింట్లోకి వెళ్తారు, ఎవరూ అడగరు. కానుగ కొట్టేశారు. పత్తికి కొట్టే మందుల వాసనకు ఈగలు ఈ వైపు రావడమే తగ్గిపోయింది. పెళ్ళయి పిల్లలు లేకపోతే చంద్రపూర్‌లో పెద్ద బోర్డు పెట్టుకున్న డాక్టరు దగ్గరికి వెళ్తున్నారు. ఇద్దరికీ పరీక్షలు చేస్తారు. కాలం మారిందని సంతోషించాల్సినదాన్నే. కానీ ఆ డాక్టరు దగ్గరి నుంచి వచ్చిన మా బంధువుల అమ్మాయిని వాళ్ళ అత్తగారు అడిగింది నేను విన్నాను: "నీదేనా దోషం?" అబ్బాయిని అడగలేదు. పుణె పిల్లాడి నోట్లో నాయనమ్మ బతికే ఉంది, ఈమె నోట్లో కూడా ఉంది.

నేను వెళ్ళేసరికి చిన్నమ్మ గడప దగ్గర కూర్చుని చేటలో కందిపప్పు ఏరుతోంది. తమ్ముడి పిల్లలను పెంచింది, ఇప్పుడు వాళ్ళ పిల్లలను పెంచుతోంది. నన్ను చూడగానే ముఖం విప్పారింది, ఆ వెంటనే నా ముఖం చూసి ఆగింది.

"చిన్నాయన పోయిండు చిన్నమ్మా. నిన్న."

"కాలిచిండ్రా?"

"అయిపోయింది."

ఆమె చేట పక్కన పెట్టింది. చేతికంటిన పప్పు పొడి దులుపుకుని అడిగింది: "పోయేముందు నా సంగతి ఏమన్న అన్నడా?"

దారిలో ఆటోలో ఈ ప్రశ్నకు ఒక మంచి అబద్ధం తయారు చేసుకున్నాను. ఆమె కళ్ళలోకి చూస్తూ అది చెప్పలేకపోయాను. "ఏం అనలే," అన్నాను.

"అనడు. పిల్లలు గాలేదని పంపితె గూడ నాకు గంత బాధ లేకుండె బిడ్డా. ఊరంత అట్లనే జేస్తరు. గని 'ఎర్క లేదు' అన్నడు సూడు." అక్కడితో ఆపేసి, "రెండో ఆమెను ఎవరన్న అర్సుకుంటుండ్రా?" అంది.

ఈలోగా ఆమె మరదలు లోపలి నుంచి విన్నట్టుంది, ఏడుపు ఎత్తుకుంది. చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చేశారు. ఒక ముసలమ్మ గాజులు పగలగొట్టడానికి చేతిలో రాయితో వచ్చింది. నాకు పిచ్చి కోపం వచ్చింది. ఏ మొగుడికని తీస్తారు, ఏ కాపురం చేసిందని తీస్తారు, మా ఇంట్లో పెళ్ళాంగా ఉండనివ్వలేదు, ముండమోపిని మాత్రం చేస్తారా అని అరిచాను. "మెడల పుస్తె ఉన్నది గదమ్మా," అంది ముసలమ్మ, కోపం లేకుండానే. నిజమే, ఉంది. ఎవరూ విడాకులు ఇవ్వలేదు, ఎవరూ తెంచలేదు.

"నువ్వు లొల్లి జెయ్యకు బిడ్డా," అని చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. ముసలమ్మతో, "పలగ్గొట్టకు అవ్వా, పిల్లల కాళ్ళకు గుచ్చుకుంటయి," అంది. రెండు చేతులూ ఒడి మీదికి వేలాడేసింది. ఎవరూ లాగలేదు, నూనె రాయలేదు. ఆకుపచ్చ గాజులు వాటంతట అవే బక్కచిక్కిన మణికట్టు దాటి, వేళ్ళ మీదుగా జారి, ఆమె ఒడిలో పడ్డాయి.